వదిలిన పోడు అడవిగా కనిపించినప్పుడు

కథల పుస్తకాల మీద, కవిత్వం మీద మనం సమీక్షలు రాస్తుంటాం. మన కొండల గురించి ప్రభుత్వం రెండేళ్ళకోసారి వేసే పుస్తకం ఒకటి ఉంది. దాన్ని మాత్రం విమర్శకుల కళ్ళతో పెద్దగా చదవలేదు. దాని పేరు భారత అటవీ స్థితి నివేదిక. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని తయారుచేస్తుంది. మొదటి సంచిక 1987లో వచ్చింది. ఉపగ్రహ చిత్రాలను చూసి ఏ జిల్లాలో ఎంత అడవి ఉంది, పోయినసారికి ఇప్పటికి ఎంత పెరిగింది, ఎంత తరిగింది అని లెక్క చెబుతుంది. మన ఇళ్ళలో ఆ పుస్తకం ఉండదు. కానీ అందులో ఉన్న చూపు మన పట్టాల దాకా, మన దరఖాస్తుల దాకా వస్తుంది.

అది నా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం మా ఊరికి అటవీ హక్కుల దరఖాస్తులు పరిశీలించడానికి ఒక బృందం వచ్చింది. రచ్చబండ మీద లాప్‌టాప్ పెట్టి ఉపగ్రహ చిత్రం చూపించారు. 2005 నాటిది అన్నారు. మా మేనత్త దరఖాస్తు పెట్టుకున్న కొండవాలు అందులో ముదురు ఆకుపచ్చగా ఉంది.

"ఇక్కడ సాగు లేదమ్మా, అడవే ఉంది" అన్నాడు లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు.

"అది మా పోడే బాబూ. అప్పటికి ఒగ్గీసి మూడేళ్ళయినాది. నేల అలిసిపోనాది. ఊరుకోనిస్తేనే గదా మళ్ళీ సామలు పండతాయి?" అంది అత్త.

కుర్రాడు మర్యాదగానే విన్నాడు. కాగితం మీద మాత్రం 'అడవి' అని రాసుకున్నాడు. అత్త చెప్పినదానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆ తర్వాతే ఆ నివేదికలు సంపాదించి చదవడం మొదలుపెట్టాను. శాస్త్రజ్ఞుల తప్పులు వెతకడం నా పని కాదు, అంత చదువూ నాకు లేదు. ఒక పుస్తకంలో ఏ మాటకు ఏ అర్థం పెట్టారు, అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట వినిపించడం లేదు అని చూడటం మనకు అలవాటైన పని. ఇక్కడా ఆ పనే చేశాను.

మొదట 'అడవి' అన్న మాటనే చూద్దాం. నివేదిక లెక్కలో ఒక హెక్టారు, అంతకు మించిన జాగాలో చెట్ల కొమ్మలు నేలను 10 శాతం, ఆపైన కప్పితే అది అటవీ విస్తీర్ణం. ఆ భూమి ఎవరిదైనా సరే, దేనికి వాడుతున్నా సరే, చెట్టు ఏ జాతిదైనా సరే. 10 నుంచి 40 శాతం కప్పితే పలుచని అడవి, 40 నుంచి 70 దాకా మధ్యస్థ సాంద్రత అడవి, 70 దాటితే బాగా దట్టమైన అడవి. 10 కంటే తక్కువైతే తుప్పలు. పండ్ల తోటలు, వెదురు, తాటి జాతి చెట్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయని నివేదికే దాచకుండా చెబుతుంది. ఈ నిజాయితీని మెచ్చుకోవాలి. కానీ దినపత్రికలో శీర్షిక పడేటప్పటికి ఈ నిర్వచనం ఎగిరిపోతుంది. 'అడవి పెరిగింది' అన్న రెండు మాటలే మిగులుతాయి.

మన పాడేరు, అరకు వైపు కొండల మీద ఈ నిర్వచనాన్ని పెట్టి చూడండి. కాఫీ మొక్కకు నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు బారులు తీరి ఉంటాయి. ఆ చెట్టు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. దాని కింద అడ్డాకు తీగ పాకదు, ఇప్పపువ్వు రాలదు. కాఫీ మనకు డబ్బు తెచ్చింది, కాదనను. మా ఇంటికీ తెచ్చింది. కానీ పైనుంచి చూస్తే అది దట్టమైన పచ్చదనమే. కింద మైదానంలో జీడిమామిడి తోట కూడా పచ్చదనమే. ఇప్ప, చింత, ఉసిరి, కరక్కాయ, జీలుగు, వెదురు కలిసి పెరిగిన కొండ కూడా ఆ పచ్చదనంలోనే ఒక భాగం. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన దగ్గర కొంటూ వచ్చిన చింతపండు, తేనె, కరక్కాయ, ఉసిరి ఈ మూడింటిలో దేని కింద దొరుకుతాయో మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పట్టికలో ఆ తేడా ఉండదు.

ఇది నా ఊహ కాదని 2011 నివేదికే చూపిస్తుంది. ఆ ఏడు దేశం మొత్తం మీద అటవీ విస్తీర్ణం నికరంగా 367 చదరపు కిలోమీటర్లు తగ్గిందని రాశారు. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదాని తగ్గుదలే 281. కారణం చెబుతూ జామాయిల్ తోటల నరకడాన్ని, ఆక్రమణ ప్రాంతాల్లో చెట్ల కొట్టివేతను చూపించారు. కాస్త ఆగి ఆలోచించండి. కర్ర కోసమే వేసిన జామాయిల్ తోటను కర్ర కోసం నరికితే అది అడవి నష్టం అయింది. అంటే అంతకు ముందు సంచికల్లో ఆ తోటే అడవి లాభంగా నిలిచి ఉండాలి. లాభం వచ్చిన ఏడు దాన్ని తోట అని విడిగా చెప్పలేదు. నష్టం వచ్చిన ఏడు మాత్రం తోటతోపాటు 'ఆక్రమణ' అన్న మాట కూడా వచ్చి కూర్చుంది.

రెండో మాట 'నికరం'. 2022 జనవరిలో విడుదలైన 2021 నివేదిక దేశంలో అటవీ విస్తీర్ణం 7,13,789 చదరపు కిలోమీటర్లు అంది. రెండేళ్ళలో 1,540 పెరిగిందని చెప్పింది. ఎక్కువ పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ 647తో మొదటిది, తెలంగాణ 632తో రెండోది, ఒడిశా 537తో మూడోది. మనవాళ్ళంతా సంతోషించారు. ఆ 1,540 ఎలా వచ్చిందో అదే పుస్తకంలో ఉంది. బాగా దట్టమైన అడవి 501 పెరిగింది, పలుచని అడవి 2,621 పెరిగింది, మధ్యస్థ సాంద్రత అడవి 1,582 తగ్గింది. మూడూ కలిపితే 1,540. పోయిన చోట ఉన్నదీ, వచ్చిన చోట ఉన్నదీ ఒకటేనా? ఒక కుటుంబం దుక్కిటెద్దును అమ్మి నాలుగు కోళ్ళు కొంటే పశువులు నికరంగా మూడు పెరిగాయని రాసినట్టు ఉంది ఈ లెక్క.

గిరిజన జిల్లాల పట్టిక ఇంకా సూటిగా ఉంది. 218 గిరిజన జిల్లాల్లో ఆ రెండేళ్ళలో మార్పు దాదాపు లేదనిపిస్తుంది, తగ్గింది 55 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కానీ లోపలికి వెళ్తే రికార్డుల్లో అడవిగా ఉన్న భూముల్లో 655 తగ్గింది, వాటి బయట 600 పెరిగింది. అదే నివేదికలో కొండ జిల్లాలు 140. వాటిలో తగ్గుదల 902. బయట పెరిగినదాన్ని లోపల తరిగినదానికి జమ కట్టి చూపితే, లోపల ఏం జరిగిందని అడిగేవాడే ఉండడు. గని వచ్చిందా, రోడ్డు పడిందా, జలాశయం కట్టారా, పోడు కొట్టారా, నిప్పు పడిందా? ఒక్కొక్కటి విడివిడిగా చెప్పాల్సిన కథలు. పట్టికలో అన్నీ కలిసి ఒక మైనస్ గుర్తు.

మూడోది, లెక్క వేసే పద్ధతి. మన హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ తొలిసారి ఉపగ్రహ చిత్రాలతో దేశంలో అడవిని కొలిచింది. 1972-75లో 16.89 శాతం ఉన్నది 1980-82 నాటికి 14.10 శాతానికి పడిపోయిందని చెప్పింది. దేశం ఉలిక్కిపడింది. తర్వాత డెహ్రాడూన్ సంస్థ 1981-83 చిత్రాలతో వేసిన లెక్కలో అడవి 19.5 శాతం దగ్గర తేలింది. ఇంచుమించు అవే ఏళ్ళు, అవే కొండలు. చివరికి రెండు సంస్థలూ కూర్చుని అంకెలను సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. మళ్ళీ 1999లో 6,37,293 చదరపు కిలోమీటర్లు ఉన్న అడవి 2001లో 6,75,538 అయింది. రెండేళ్ళలో 38 వేల పైచిలుకు చదరపు కిలోమీటర్ల అడవి ఎక్కడా మొలవలేదు. అప్పటిదాకా చాలా చోట్ల కంటితో చూసి గీసే పని, దేశమంతా కంప్యూటర్‌తో, 1:50,000 స్కేలులో జరగడం మొదలైంది. అందుకే చిన్న చిన్న తోపులు కూడా లెక్కలోకి వచ్చాయి.

పద్ధతి మెరుగుపడటం మంచిదే. నేను చెప్పేది వేరు. ఇంత పెద్ద సంస్థలే ఒకే కొండను రెండు రకాలుగా చదవగలిగినప్పుడు, ఒక ముసలామె తన పొలాన్ని మూడో రకంగా చదివితే దాన్ని వినడానికి ఎందుకు అంత కష్టం?

ఇక కొండ సంగతి. మైదానంలో కుదిరిన చూపు కొండ మీద అంత సులువుగా కుదరదు. నివేదికకు చాలా కాలంగా వాడిన చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరం. అంటే సుమారు 552 చదరపు మీటర్లు. ఎకరం పోడు అందులో ఏడు చుక్కలు. పైగా ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల కంటే చిన్న ముక్క పటంలోకి ఎక్కదు. మన పోడు ముక్కలు ఎంతుంటాయో మనకు తెలుసు. ఎకరం, ఎకరంన్నర పోడు చుట్టూ అడవి ఉంటే ఆ అడవిలోనే కలిసిపోతుంది.

ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. శీతకాలంలో అప్పటికి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. వాయవ్యం వైపు వాలిన కొండ ముఖం నీడలో ఉండి నల్లగా పడుతుంది. పలుచని చెట్లున్న వాలు నీడలో దట్టంగా కనిపించే ప్రమాదం ఉంది, నిపుణులు దాన్ని సరిదిద్దుకోవాలి. వాలు కొలతలోనూ తిరకాసు ఉంది. 30 డిగ్రీల వాలు మీద వంద సెంట్ల నేల పటంలో 87 సెంట్లే అవుతుంది. ప్రపంచమంతా పటం కొలత అలాగే ఉంటుంది, నిజమే. విత్తనం చల్లేది మాత్రం వాలు మీద.

కాలం కూడా చూడాలి. వర్షాకాలంలో మబ్బులు కప్పేస్తాయి. ఎండాకాలంలో ఆకులు రాలిపోతాయి. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసిన చిత్రాలను ఎంచుకుంటారు. చెట్టు కోసం అది సరైన కాలం. పోడును చూడటానికి అంత మంచి కాలం కాదు. అప్పటికి సామలు, చోళ్ళు కోతకొచ్చి ఉంటాయి, కంది ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది. పోడు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, నేల నల్లగా బయటపడే నెలలు వేసవివి.

అన్నిటికంటే పెద్ద చిక్కు పోడు స్వభావంలోనే ఉంది. పోడు ఒక చోట నిలిచి ఉండే పొలం కాదు. రెండు మూడేళ్ళు పండించి వదిలేస్తాం. వదిలిన చోట ముందు గడ్డి, తర్వాత తుప్పలు, తర్వాత చెట్లు వస్తాయి. మళ్ళీ అక్కడికే తిరిగొస్తాం. వదిలిన పోడు మనకు పొలమే, నిద్రపోతున్న పొలం. ఉపగ్రహానికి అది పలుచని అడవి. ఈశాన్య రాష్ట్రాల గురించి రాసేటప్పుడు నివేదికే ఈ సంగతి ఒప్పుకుంటుంది. నాగాలాండ్‌లో, మిజోరంలో అడవి తగ్గినా పెరిగినా ఝూమ్ సాగును కారణంగా చూపుతూ వస్తోంది. అంటే ఒకే పొలం ఒక సంచికలో నష్టం, ఇంకో సంచికలో లాభం. సాగు చేసినవాడికి మాత్రం రెండు సంచికల్లోనూ పేరు లేదు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి భూమి మీద ఉన్నవాళ్ళకే హక్కు. ఆ తేదీ పక్కన ఉపగ్రహ చిత్రం పెడితే ఏమవుతుందో అత్త విషయంలో చూశాం. ఆ ఏడు పండించినవాడికి చిత్రం సాక్ష్యం అవుతుంది. ఆ ఏడు నేలకు విశ్రాంతి ఇచ్చినవాడికి అదే చిత్రం ఎదురు సాక్ష్యం అవుతుంది. నేలను పాడుచేయకుండా పద్ధతిగా వదిలినవాడే ఓడిపోతాడు. కొండను ఏటా పీల్చినవాడు గెలుస్తాడు.

చట్టం రాసినవాళ్ళకు ఈ ప్రమాదం తెలియక కాదు. నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. అందులో ప్రభుత్వ రికార్డులు, పటాలు, ఉపగ్రహ చిత్రాలతో పాటు దరఖాస్తుదారు కాని పెద్దల మాటను రాసి పెట్టిన కాగితం కూడా ఉంది. 2012లో చేసిన సవరణ ఇంకా స్పష్టంగా చెప్పింది: ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు. గుజరాత్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసి వేల దరఖాస్తులు తోసిపుచ్చినప్పుడు 2013లో అక్కడి హైకోర్టు వాటిని మళ్ళీ పరిశీలించమంది. అయినా 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణ అయినవాళ్ళను ఖాళీ చేయించమన్న ఉత్తర్వులోనే, ఆక్రమణలను ఉపగ్రహంతో సర్వే చేసి చెప్పమని ఈ ఫారెస్ట్ సర్వే సంస్థనే ఆదేశించింది. ఫిబ్రవరి 28న ఖాళీ చేయించడం మీద స్టే వచ్చింది. ఆ రెండు వారాలు మన ఊళ్ళలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. చెట్ల గుబురు కొలవడానికి పుట్టిన పనిముట్టు మనుషులను కొలిచే పనిముట్టుగా ఎలా మారుతుందో ఆ రెండు వారాల్లో అర్థమైంది.

2023 నివేదిక ఇంకో అడుగు వేసింది. అది 2024 డిసెంబరులో విడుదలైంది. అడవి తగ్గడానికి కారణాల్లో అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టాలను కూడా చేర్చింది. దీనికి ఆధారం ఏమిటని కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖే పర్యావరణ శాఖను అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే పట్టా అంటే అప్పటికే సాగులో ఉన్న భూమికి కాగితం. ఆ కాగితం ఇచ్చిన రోజున ఒక్క చెట్టూ పడదు. తర్వాత పడితే అది ఏ సర్వే నంబరులో, ఏ ఏడు, ఎందుకు అని చూపాలి. చుక్క రంగు మారిందని ఉపగ్రహం చెప్పగలదు. ఎందుకు మారిందో చెప్పలేదు. 'ఎందుకు' అన్నది నివేదిక రాసినవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని చేర్చిన మాట. విమర్శకులుగా మనం పట్టుకోవాల్సింది ఈ చోటునే. చూసింది ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో పుస్తకం గీత గీసి చూపించలేదు.

అలాగని ఉపగ్రహాన్ని శత్రువు కన్నుగా రాసి వదిలేయడం మనవాళ్ళు చేస్తున్న పొరపాటు అనుకుంటున్నాను. మన కవితల్లో అది డేగ అవుతుంది, దొర కన్ను అవుతుంది. చప్పట్లు పడతాయి, దరఖాస్తు మాత్రం ముందుకు కదలదు. మనలోనూ చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. మా తాతల కాలంలో పదేళ్ళు, పన్నెండేళ్ళు వదిలిన పోడు ఇప్పుడు మూడేళ్ళకే మళ్ళీ కొడుతున్నాం. ఇప్ప చెట్టు కొట్టి సిల్వర్ ఓక్ నాటిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. 'పచ్చని కొండ' అని రాసేటప్పుడు మనమూ నివేదికలాగే రంగు చూసి మురిసిపోతున్నాం, ఏ చెట్టో చెప్పడం లేదు.

నిజానికి ఆ కన్ను మన తరఫున సాక్ష్యం చెప్పగలదు. ఒక్క ఏడాది చిత్రం ఒక్క కాలం గురించే చెబుతుంది. ఇరవై ఏళ్ళ చిత్రాలు వరసగా పెడితే కథ మారిపోతుంది. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితం. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 చిత్రాల్లో 2015 నుంచి చుక్క 10 మీటర్లే. మన హైదరాబాదు సంస్థ నడిపే భువన్‌లోనూ చూడొచ్చు. 1990 నుంచి 2005 దాకా వేసవి చిత్రాలను ఒక వాలు మీద వరసగా చూస్తే, నేల బయటపడటం, పచ్చబడటం, మళ్ళీ బయటపడటం కనిపిస్తుంది. అడవి తనంతట తాను అలా చేయదు. అలా చేసేది పోడు. ఒక్క చిత్రం చూసి 'ఇక్కడ సాగు లేదు' అన్నచోట, వరస చూస్తే 'ఇక్కడ సాగు తిరుగుతూ ఉంది' అని అదే ఉపగ్రహం చెబుతుంది.

మేం అత్త విషయంలో ఆ పనే చేశాం. కాలేజీ చదువుతున్న మా ఊరి పిల్లలు ఇద్దరు ఫోన్‌లోనూ, కంప్యూటర్ సెంటర్‌లోనూ కూర్చుని పాత చిత్రాలు వెతికారు. మబ్బు లేనివి తొమ్మిదేళ్ళవి దొరికాయి. గ్రామసభలో పెద్దలు కూర్చుని ఒక్కో చిత్రం పక్కన ఆ ఏడు ఏం జరిగిందో చెప్పారు. ఇది మశూచి అమ్మవారికి పెద్ద పండగ చేసిన ఏడు, ఇది గెడ్డ పొంగి వంతెన కొట్టుకుపోయిన ఏడు, ఇది అత్త చిన్నకొడుకు పుట్టిన ఏడు. రెండు చిత్రాల్లో అత్త వాలు నేల తెల్లగా బయటపడి ఉంది. ఆ మాటలన్నీ రాసి, వేలిముద్రలు వేయించి, చిత్రాలతో కలిపి పైకమిటీకి పంపాం. జవాబు ఇంకా రాలేదు.

నివేదిక తర్వాతి సంచికకు ఒక సమీక్షకుడిగా నేను కోరేవి ఎక్కువేమీ కావు. తోటను, అడవిని వేరు వేరు వరసల్లో చూపండి. నికరం పక్కన పోయినదెంతో, వచ్చినదెంతో అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. కారణం రాసినచోట, అది చిత్రంలో చూశారా, ఊళ్ళో అడిగి తెలుసుకున్నారా చెప్పండి. వదిలిన పోడుకు ఒక గడి ఇవ్వండి.

మన రచయితలను కోరేది ఒకటే. ఈ పుస్తకం వచ్చిన ప్రతిసారీ మన జిల్లా పేజీ తెరిచి, ఊళ్ళో పెద్దల పక్కన కూర్చుని చదవండి. ఏ అంకె వెనక ఏ వాలు ఉందో వాళ్ళు చెప్తారు, మనం రాసిపెడదాం.